హోమ్ వీడియో: క్యాసెట్టు నుంచి బ్లూ-రే దాకా

థియేటర్లలో ఆడిన సినిమాలను, టీవీలో ప్రసారమైన ధారావాహికలను ఇంట్లో చూసుకునేందుకు వీలుగా క్యాసెట్లు, డిస్కుల రూపంలో అమ్మడం, అద్దెకివ్వడం హోమ్ వీడియో పరిశ్రమ పని. అది పుట్టకముందు హాళ్ల నుంచి వెళ్లిపోయిన సినిమాను మళ్లీ చూడాలంటే రెండో విడుదల కోసమో, టీవీ ప్రసారం కోసమో ఎదురుచూడాల్సిందే. ఏ సినిమా ఎప్పుడు చూడాలో ప్రేక్షకుడే నిర్ణయించుకోగలిగింది హోమ్ వీడియో వచ్చాకే.

తొలి రోజులు

అమెరికాలో 1972లో వచ్చిన కార్ట్రివిజన్ సినిమా క్యాసెట్లను అద్దెకిచ్చింది. అద్దె క్యాసెట్టును ఇంట్లో వెనక్కి తిప్పే వీలుండేది కాదు. రెండోసారి చూడాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. 1975లో జపాన్‌లో సోనీ బీటామాక్స్ అనే వీడియో క్యాసెట్టు విధానాన్ని, మరుసటి ఏడాది జేవీసీ వీహెచ్ఎస్‌ను విడుదల చేశాయి. తొలి బీటామాక్స్ క్యాసెట్టులో ఒక గంటే పట్టేది. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు, అంటే ఒక మామూలు హాలీవుడ్ సినిమా మొత్తం పట్టేది. జేవీసీ చాలా కంపెనీలకు తయారీ అనుమతి ఇవ్వడం కూడా వీహెచ్ఎస్ గెలుపుకు తోడ్పడింది.

1977లో మిషిగన్‌కు చెందిన ఆండ్రే బ్లే తన మ్యాగ్నెటిక్ వీడియో సంస్థ తరఫున ట్వంటీయెత్ సెంచరీ ఫాక్స్ నుంచి 50 సినిమాల హక్కులు తీసుకుని క్యాసెట్లుగా అమ్మకానికి పెట్టాడు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ వీడియో అద్దె దుకాణం తెరిచాడు. చట్టప్రకారం కొన్న క్యాసెట్టును అద్దెకివ్వడానికి అమెరికా చట్టం అడ్డు చెప్పకపోవడంతో అలాంటి దుకాణాలు వీధివీధినా వెలిశాయి.

కోర్టు తీర్పు, ధరల మార్పు

వీడియో క్యాసెట్ రికార్డర్ (వీసీఆర్)లో టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకోవడం కాపీహక్కు ఉల్లంఘనేనంటూ యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో సోనీపై దావా వేశాయి. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. చివరికి ఓడిన స్టూడియోలకే వీడియో వ్యాపారం పెద్ద ఆదాయ మార్గమైంది.

మొదట్లో క్యాసెట్లు ఇళ్లవాళ్లు కొనలేనంత ఖరీదు. అద్దె దుకాణాలే కొనేవి. 1982లో పారమౌంట్ ‘స్టార్ ట్రెక్ 2’ క్యాసెట్టును 39.95 డాలర్లకే పెట్టి, ధర తగ్గిస్తే జనమే కొనుక్కుంటారని చూపింది.

లేజర్‌డిస్క్, డీవీడీ

1978లో అమెరికాలో అమ్మకానికొచ్చిన లేజర్‌డిస్క్ సామాన్యులకు చేరలేదు గానీ సినిమా ప్రేమికులకు గొప్ప మేలు చేసింది. క్రైటీరియన్ సంస్థ 1984లో ‘సిటిజన్ కేన్’, ‘కింగ్ కాంగ్’ చిత్రాలతో తన డిస్కుల వరుస మొదలుపెట్టింది. ‘కింగ్ కాంగ్’ డిస్కులో రోనాల్డ్ హేవర్ సినిమా నడుస్తుండగా వ్యాఖ్యానం వినిపించాడు. విడుదలతో పాటు అదనపు విశేషాలు చేర్చే ఆనవాయితీకి అది దారి వేసింది.

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో వచ్చింది. ఒక పొరలో 4.7 గిగాబైట్లు పట్టే ఆ డిస్కులో చక్కటి బొమ్మ, పలు భాషల ధ్వని, ఉపశీర్షికలు ఇమిడాయి. టీవీ ధారావాహికలకూ మార్కెట్ తెరుచుకుంది. 2000లో ‘ది ఎక్స్-ఫైల్స్’ మొదటి సీజను మొత్తం ఒకే పెట్టెగా వచ్చింది. 2002లో ఆపేసిన ‘ఫ్యామిలీ గై’ డీవీడీ అమ్మకాలు, పునఃప్రసారాల ఆదరణ వల్ల 2005లో తిరిగి మొదలైంది.

భారతదేశంలో

1982 ఆసియా క్రీడల వేళ రంగుల టీవీ రావడంతో వీసీఆర్‌లకూ గిరాకీ పెరిగింది. తెలుగునాట వీడియో లైబ్రరీలు వెలిశాయి. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూడడం పల్లెల్లోనూ మామూలైంది. పైరసీ విజృంభించడంతో 1984లో కాపీహక్కు చట్టాన్ని సవరించారు. ఆ తర్వాత రాజ్యమేలింది వీసీడీ. ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పట్టడంతో తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు పట్టేవి. 2007లో మోసర్ బేర్ సంస్థ పైరసీ డిస్కులతో పోటీపడే ధరకు అసలు డిస్కులను అమ్మి మార్కెట్‌ను కుదిపింది.

బ్లూ-రే, స్ట్రీమింగ్

2006లో బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ పోటీగా దిగాయి. వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు మొగ్గడంతో 2008 ఫిబ్రవరిలో తొషీబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది. 2016లో 4కే బ్లూ-రే వచ్చింది. ఈలోగా 2007లో నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలుపెట్టింది. అద్దె దుకాణాల దిగ్గజం బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసింది. నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబరు 29న తపాలాలో డిస్కులు పంపడం మానేసింది. తెలుగు సినిమాకు ఇప్పుడు ‘హోమ్ వీడియో’ అంటే ఓటీటీయే. నాని నటించిన ‘వి’ 2020లో థియేటర్ మెట్లెక్కకుండానే నేరుగా ఇళ్లకు చేరింది.

ప్రాధాన్యం

హక్కుల గడువు తీరితే స్ట్రీమింగ్ వేదికలో సినిమా కనిపించకుండా పోతుంది. కొన్న డిస్కు కొన్నవారి దగ్గరే ఉంటుంది. డిస్కు విడుదల కోసం చేసే పునరుద్ధరణ పాత చిత్రాలకు ప్రాణం పోస్తుంది కూడా. 1993లో లండన్‌లోని ల్యాబ్‌లో కాలిపోయిన సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగెటివ్‌లలో పనికొచ్చిన భాగాలను ఓర్పుగా బాగుచేసి, ఆ మూడు చిత్రాలను క్రైటీరియన్ 2015లో బ్లూ-రేలో విడుదల చేసింది. పాత తెలుగు చిత్రాలకూ అంతటి శ్రద్ధ అత్యవసరం.