స్కేలు పొడవంత జాగా: రగ్బీ గోల్ లైన్ దగ్గర ఆఫ్‌సైడ్ కథ

ఈ ఎపిసోడ్ మొత్తం 30 సెంటీమీటర్ల జాగా గురించి. మన జామెట్రీ క్లాసులో వాడిన పెద్ద స్కేలు ఉంటుంది చూడండి, అంతే. రగ్బీ గ్రౌండ్‌లో గోల్ పోస్ట్ ముందు ఉండే ఆ కాస్త జాగాలో అటాక్ చేసేవాడు పాయింట్లు కొట్టొచ్చు. కానీ ఆపాల్సినవాడు రూల్ ప్రకారం అక్కడ నిలబడటానికే వీల్లేదు. 2020 దాకా ఇదే నడిచింది. ఎలాగో చూద్దాం.

రగ్బీ చూడనివాళ్ల కోసం ముందు బేసిక్స్. 15 మంది ఒకవైపు, 15 మంది ఇంకోవైపు. బంతి పట్టుకుని పరిగెత్తొచ్చు, కానీ చేత్తో పాస్ ముందుకి ఇవ్వకూడదు. అవతలివాళ్ల గోల్ లైన్ దాకా వెళ్లి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, 5 పాయింట్లు. గీత దాటక్కర్లేదు, గీత మీద ఆనించినా చాలు. కబడ్డీలో రైడర్ చెయ్యి మిడ్ లైన్‌కి తగిలితే సేఫ్ కదా, అలాగన్నమాట.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఇంగ్లండ్‌లో రగ్బీ అనే ఊళ్లోని స్కూల్ పిల్లలు 1845లో తమ ఆటకి రూల్స్ రాసుకున్నారు. ఆఫ్‌సైడ్ అప్పటికే అందులో ఉంది. ఐడియా సింపుల్: మీవాళ్లు ఆడుతున్న బంతి కంటే మీరు ముందుంటే, మీరు ఆటలో లేనట్టే. 1871లో క్లబ్బులన్నీ కలిసి లండన్‌లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టాయి. తమాషా ఏంటంటే, అప్పట్లో బంతిని నేలకి ఆనిస్తే పాయింట్లు వచ్చేవి కావు. గోల్‌కి కిక్ కొట్టి చూసుకునే ఛాన్స్ మాత్రం వచ్చేది. ట్రై అనే పేరు అలా పుట్టిందే. తర్వాత ఆనించడానికే పాయింట్లు ఇవ్వడం మొదలైంది, అవి పెరుగుతూ వచ్చాయి. దాంతో గోల్ లైన్ ముందు ఆఖరి అడుగు విలువా పెరిగింది.

ఇక్కడ రక్ అనే మాట తెలియాలి. ఒకణ్ని పట్టి పడేశారు, బంతి నేల మీద ఉంది. రెండు టీమ్‌ల వాళ్లూ దాని మీదకొచ్చి, నిలబడే తోసుకుంటారు. అదే రక్. ఆ గుంపులో మీ టీమ్‌వాళ్లలో అందరికంటే వెనకున్న పాదం ఎక్కడుందో, అదే మీ ఆఫ్‌సైడ్ లైన్. గుంపులో లేనివాళ్లంతా దాని వెనకే ఉండాలి. గ్రౌండ్ మీద ఈ గీత కనపడదు. ప్రతి రక్‌కీ కొత్తగా పుడుతుంది, చచ్చిపోతుంది.

మరి ఆ వెనక పాదం గోల్ లైన్ మీదో, దానికి వెనకో ఉంటే? అప్పుడు గోల్ లైనే ఆఫ్‌సైడ్ లైన్ అయిపోతుంది. పెనాల్టీ ఇస్తే 10 మీటర్లు వెనక్కి పోవాలి, స్క్రమ్‌లో లేనివాళ్లు 5 మీటర్ల దూరంలో ఉండాలి. కానీ గోల్ లైన్ అంతకంటే దగ్గరుంటే అక్కడ ఆగితే చాలు. కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. లెక్క ఎంతొచ్చినా ఒక లిమిట్ దగ్గర ఆపేయడమే. బగ్స్ ఎక్కువగా దాక్కునేది కూడా సరిగ్గా ఆ లిమిట్ దగ్గరే.

రిఫరీ పరిస్థితి ఆలోచించండి. గీతకి మీటరు దూరంలో పది పన్నెండు మంది కుప్పగా ఉన్నారు. బంతి నేలకి ఆనిందా? ఎవడి చెయ్యి ఎక్కడుంది? అదే టైంలో గీత మీద వరసగా నిలబడ్డ డిఫెండర్లలో ఎవడి పాదం ముందుకి జరిగింది? ఒక జత కళ్లతో అయ్యే పని కాదు. అందుకే సైడ్ లైన్ల మీదున్న ఇద్దరు అసిస్టెంట్లు ఆఫ్‌సైడ్ కనిపెట్టి మైక్‌లో చెప్తారు. ఇంకో మెలిక ఉంది. రక్‌లోని బంతి గోల్ లైన్‌కి చేరగానే రక్ అయిపోయినట్టే, ఆ ఆఫ్‌సైడ్ లైన్ కూడా మాయం. అంటే ఒక అంగుళం ముందు తప్పయిన అడుగు, ఒక అంగుళం తర్వాత కరెక్ట్. పొరపడితే రేటు కూడా పెద్దదే. డిఫెండర్ తప్పు వల్ల, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న ట్రై పోయిందని రిఫరీ అనుకుంటే పెనాల్టీ ట్రై ఇస్తాడు. 7 పాయింట్లు, పైగా ఆ ప్లేయర్‌కి కనీసం ఎల్లో కార్డు, 10 నిమిషాలు బయట.

సరే, రూల్‌ని అక్షరాలా చదివితే ఏమవుతుంది? 2017 ఫిబ్రవరి 26, లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్, ఇటలీ మ్యాచ్. ఇటలీవాళ్లు టాక్లింగ్ చేసి, బంతి మీదకి మనుషుల్ని పంపడం మానేశారు. రెండో టీమ్ రాకపోతే రక్ లేదు. రక్ లేకపోతే ఆఫ్‌సైడ్ లైన్ లేదు. ఇంకేముంది, వెళ్లి ఇంగ్లండ్ ప్లేయర్ల మధ్యలోనే నిలబడ్డారు. ఇంగ్లండ్‌వాళ్లు అయోమయంగా రిఫరీ రొమెన్ పోయిట్‌నే ఏం చెయ్యాలని అడిగారు. నేను రిఫరీని, కోచ్‌ని కాదు అని ఆయన జవాబు. హాఫ్ టైంకి ఇటలీ లీడ్‌లో ఉంది, చివరికి ఇంగ్లండ్ 36-15తో గెలిచింది. మనకి 2022లో లార్డ్స్‌లో దీప్తి శర్మ చేసిన రనౌట్ గుర్తుందిగా? అదే గొడవ ఇక్కడా. రూల్‌లో ఉన్నదే చేశారు, అయినా సగం మందికి నచ్చలేదు. ఆ ఏడాదే వరల్డ్ రగ్బీ ట్రయల్‌గా రూల్ మార్చింది. బంతి మీద ఒక్కడు నిలబడినా చాలు, ఆఫ్‌సైడ్ లైన్ వచ్చేస్తుంది.

ఇప్పుడు మన 30 సెంటీమీటర్లకి వద్దాం. గోల్ పోస్ట్‌కి తల కొట్టుకుంటే ప్రమాదమని చుట్టూ మందపాటి ప్యాడ్ కడతారు. అది గోల్ లైన్ నుంచి గ్రౌండ్‌లోకి గరిష్ఠంగా 30 సెంటీమీటర్ల దాకా పొడుచుకు రావచ్చు. పాత రూల్ ప్రకారం బంతిని ఆ ప్యాడ్ అడుగుకి ఆనించినా ట్రైనే. ప్లేయర్ల భద్రత కోసం ప్యాడ్లు లావయ్యాయి. అంటే పోస్టుల దగ్గర గోల్ లైన్ అటాకర్ కోసం ముందుకి జరిగినట్టయింది, డిఫెండర్‌కి మాత్రం ఉన్నచోటే ఉంది! రక్ అయితే వాడు గీత వెనకే నిలబడాలి, ప్యాడ్ ముందు భాగమేమో గీతకి ఇవతల ఉంది. అడ్డం పెట్టాలంటే ఆఫ్‌సైడ్ అవ్వాలి. కొన్నిసార్లు డిఫెండర్లు ప్యాడ్‌నే ఎత్తడం, జరపడం కూడా చేశారు. అప్పుడు ఇనప పోస్ట్ బయటపడి, దెబ్బ తగిలే రిస్క్ పెరిగేది. 2020 మే నెలలో వరల్డ్ రగ్బీ ఆ వాక్యం తీసేసింది. ప్యాడ్‌కి ఆనిస్తే ఇక ట్రై కాదు, బంతి గీతని చేరాల్సిందే.

నాకు ఈ కథలో నచ్చిన పాయింట్ ఇదే. ఇక్కడ మోసం చేసినవాడు లేడు, రిఫరీ తప్పూ లేదు. ఒక రూల్ భద్రత కోసం, ఇంకోటి న్యాయం కోసం పుట్టాయి. రెండూ ఒకే చోట కలిసేసరికి డిఫెండర్‌కి కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఆపమని బాధ్యత ఇచ్చినప్పుడు, ఆపడానికి నిలబడే చోటు కూడా ఇవ్వాలి. ఆ చోటు రిఫరీ ఇవ్వలేడు, రూల్ రాసినవాళ్లే ఇవ్వాలి.

ఈసారి రగ్బీ మ్యాచ్ కనపడితే, అది ఆరు దేశాల టోర్నీ అయినా, మన హైదరాబాద్ హీరోస్ ఆడే ఏడుగురి ఆట అయినా, గోల్ లైన్ దగ్గర ఒక్కసారి బంతిని వదిలేసి డిఫెండర్ల పాదాలు చూడండి. అసలు ఆట అక్కడ కనపడుతుంది. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.