గెలాక్సీల కలయిక - మన ఉస్మానియా పాలు

మే నెల రాత్రుల్లో మన ఇళ్ల పెరట్లో నిలబడి దక్షిణానికి చూస్తే, అయిదు వేళ్లలా అయిదు చుక్కల హస్తా నక్షత్రం కనిపిస్తుంది. ఆ దిక్కునే, కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, రెండు గెలాక్సీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వాటి నుంచి రొయ్య మీసాల్లా రెండు నక్షత్రధారలు సాగి ఉంటాయి. అందుకే ‘యాంటెన్నీ’ అని పేరు. ఇలాంటి కలయికలను అర్థం చేసుకున్న చరిత్రలో మన హైదరాబాదుకూ పాలుందని మనలో చాలామందికి తెలియదు.

సికింద్రాబాదు వాస్తవ్యులు ఆచార్య సాలె మహమ్మద్ అలాదీన్ గారు షికాగో విశ్వవిద్యాలయంలో 1963లో డాక్టరేటు పొందారు. గెలాక్సీలు ఢీకొనడం మీద ఆయన కట్టిన లెక్కలు 1965లో ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’లో అచ్చయ్యాయి. గెలాక్సీలో చుక్కకూ చుక్కకూ ఎంతో ఎడం కనుక, రెండు గెలాక్సీలు ఎదురుపడినా చుక్కలు తగులుకోవు. కాని ఒకదాని ఆకర్షణ రెండవదాని చుక్కలను కుదుపుతుంది. ఆ కుదుపుకు ఖర్చయ్యే శక్తి గెలాక్సీల వేగంలోంచే రావాలి. నిదానంగా వచ్చినవి అందుకే విడిపోలేక చిక్కుకుంటాయి. ఆయన ఉస్మానియాకు తిరిగి వెళ్లి, నిజామియా వేధశాలలో శిష్యులతో అదే పని సాగించారు. 2011లో కాలం చేశారు.

1972లో, ఎస్టోనియాలో పుట్టి ఈ దేశానికి వలస వచ్చిన టూమ్రే సోదరులు, ఆ ‘మీసాలు’ ఆకర్షణ వల్లే ఏర్పడతాయని కంప్యూటరు మీద చూపారు.

వాయువుల కథ వేరు. వాయు మేఘాలు నిజంగానే ఢీకొని, నడిమికి జారి, చిక్కబడి, కొత్త చుక్కలను కంటాయి. 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహం ‘ఆర్ప్ 220’ అనే కలయికలో లక్ష కోట్ల సూర్యులకు మించిన వేడి వెలుగును పట్టింది. మన పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్లంత పదార్థం చుక్కలైతే, అక్కడ వందకు పైమాటే.

ఇక క్వాసార్లు. 1963లో కాలిఫోర్నియాలోని పాలమార్ కొండ మీద మార్టెన్ ష్మిట్, కన్యారాశిలోని ‘3సి 273’ రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు ఆవల ఉందని గుర్తించారు. అంత దూరం నుంచీ కనిపించే ఆ వెలుగు నడిమి కృష్ణబిలంలో పడే వాయువుది. ఆ వాయువును అక్కడికి తోసేది కలయికేనని 1988లో కాల్‌టెక్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. హబుల్ చిత్రాల్లో కొన్ని క్వాసార్ల గెలాక్సీలు చెదిరి ఉన్నాయి. మరికొన్ని నిమ్మళంగా ఉన్నాయి. కలయిక ఒక దారి, ఏకైక దారి కాదు.

ఇక్కడి బడుల్లో మన పిల్లలు ష్మిట్ పేరు, టూమ్రేల పేరు వినవచ్చు. అలాదీన్ గారి పేరు మాత్రం మనమే చెప్పాలి.