పంచాంగం నుంచి నీటిమట్టానికి: సంగమేశ్వరం పడవ ప్రయాణ చరిత్ర

ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సంగమేశ్వర ఆలయం ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం అడుగున ఉంటుంది. వేసవికి నీరు తగ్గినప్పుడు ముందుగా శిఖరం కనిపిస్తుంది. తర్వాత మండపం, చివరకు గర్భగుడి బయటపడతాయి. చుట్టూ నీరు నిలిచి, నడుమ గుడి మాత్రమే తేలి ఉన్న ఆ కొద్ది వారాల్లో సంగమేశ్వరం ఒక చిన్న దీవి. కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతాల నుంచీ, అవతలి ఒడ్డున కొల్లాపూర్ ప్రాంతం నుంచీ భక్తులు పడవల మీద వచ్చి, దర్శనం చేసుకొని, సాయంత్రానికి తిరిగి వెళ్తారు.

ఈ ఒక రోజు ప్రయాణానికి ముహూర్తం పెట్టేది ఇప్పుడు పంచాంగం కాదు, జలాశయం నీటిమట్టం. ఈ మార్పు ఎలా వచ్చిందో, దానికి రాయలసీమ సాగునీటి చరిత్రతో ఉన్న సంబంధం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రేవు, పుట్టి, మజిలీ

ఆనకట్ట రాకముందు కృష్ణ ఇక్కడ నల్లమల కొండల నడుమ పారే ఏరు. దాన్ని దాటడానికి ఊరూరికీ రేవు ఉండేది. దాటించే సాధనం పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, వెలుపల తోలు కప్పిన ఈ బుట్ట పడవనే కొన్ని ప్రాంతాల్లో అరిగోలు అంటారు. 16వ శతాబ్దం తొలి పాదంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్ర మీద ఇటువంటి పడవలను చూశాడు. పదిహేను ఇరవై మంది మనుషులనే కాక గుర్రాలను, ఎద్దులను కూడా అవి దాటించేవని రాశాడు. తోలు స్థానంలో తారు పూసిన పట్టాలు వచ్చినా, పుట్టి ఆకారం నేటికీ మారలేదు.

యాత్రాసాహిత్యంలోనూ ఈ దారి జాడలున్నాయి. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలాల మీదుగా సాగి, కృష్ణ దాటి హైదరాబాదు చేరాడు. మజిలీల నడుమ దూరం, దొరికే సరకులు, నీటి వసతి వంటి వివరాలను ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆనాటి యాత్రికునికి ఏరు దాటడం ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. గమ్యం అవతల ఉండేది. నేటి సంగమేశ్వరం ప్రయాణంలో గమ్యమే నీటి నడుమ ఉంది.

సంగమేశ్వరానికి సప్తనదీ సంగమమని ప్రసిద్ధి. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి అనే ఏడు పేర్లను సంప్రదాయం చెబుతుంది. మిగిలినవన్నీ ఎగువనే కలిసి రాగా, భవనాశి ఒక్కటే ఇక్కడ సంగమిస్తుంది. గర్భగుడిలోని లింగం రాతిది కాదు, వేప మొద్దు. ధర్మరాజు దాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీట మునిగే గుడిలో కొయ్యలింగం నిలిచి ఉండటం భక్తుల విస్మయానికి ఒక కారణం.

ఆనకట్టకు పూర్వం ఇక్కడికి వచ్చే యాత్రికుల రాకపోకలను శివరాత్రి, కార్తిక మాసం, పుష్కరాలు నిర్ణయించేవి. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణా పుష్కరాలు. ఆ లెక్క ఏళ్ల ముందే తెలుస్తుంది. దాన్నిబట్టి బండి కట్టడమో, బంధువులకు కబురంపడమో జరిగేది.

ఏరు జలాశయమైన తీరు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులై 24న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట అది జలవిద్యుత్ ప్రాజెక్టు మాత్రమే. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. తొలి అంచనా ప్రకారం నిల్వ 308 టి.ఎం.సి.లు, పూడిక వల్ల అది తర్వాతి లెక్కల్లో సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గింది.

1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు, దాదాపు లక్ష మంది జనం తమ చోటు కోల్పోయారు. పొలాలతో పాటు రేవులూ మునిగాయి. ముంపు చరిత్రలో ఇళ్ల లెక్క, భూముల లెక్క కనిపిస్తాయి కాని రేవుల లెక్క కనిపించదు. రేవు ఒకరి ఆస్తి కాదు కనుక దానికి పరిహారం లేదు. కాని పెళ్లి సంబంధాలకు, సంతలకు, జాతరలకు రెండు ఒడ్డులను కలిపి ఉంచింది అదే. ఏరు గీతలా ఉన్నంతకాలం దాటడం కొద్దిసేపటి పని. అది కిలోమీటర్ల వెడల్పున పరచుకున్నాక పుట్టి చాలదు, మరపడవ కావాలి. గాలివాటు పెరిగింది, లోతు పెరిగింది, ప్రమాదమూ పెరిగింది.

2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట నడుమ మరపడవ మునిగి 60 మందికి పైగా మరణించారు. కర్నూలు జిల్లా ఒడ్డు నుంచి పాలమూరు ఒడ్డుకు వెళ్తున్నవారు వారు. రోడ్డు మార్గాన వెళ్లాలంటే కర్నూలు చుట్టి రావాలి కనుక, ఒడ్డున కనబడే ఊరికి పడవే దగ్గరి దారి. సోమశిల, సిద్ధేశ్వరం నడుమ వంతెన కావాలన్న కోరిక ఈ దుర్ఘటన తర్వాత బలపడింది. 2022లో కేంద్రం ఆ వంతెనకు ఆమోదం తెలిపింది.

తరలిన గుళ్లు, తరలని గుడి

ముంపులో చిక్కిన ఆలయాలన్నింటికీ ఒకే గతి పట్టలేదు. కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దాపున జగన్నాథగట్టు మీదికి చేరింది. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటనే మునిగింది.

నాగార్జునకొండతో పోల్చి చూస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. నాగార్జునసాగర్ నిర్మాణానికి ముందు, 1954 నుంచి 1960 వరకు, అక్కడి లోయలో విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపు వద్దకూ తరలించి పునర్నిర్మించారు. నీరు నిండాక ఆ కొండ దీవి అయింది. దాని మీద మ్యూజియం వెలసింది. అక్కడికి లాంచీలో వెళ్లివచ్చే యాత్ర ఒక ప్రణాళిక నుంచి పుట్టింది. సంగమేశ్వరం దీవి ఏ ప్రణాళికలోనూ లేదు. మునిగిన రెండు దశాబ్దాల తర్వాత, 2003లో, నీరు బాగా అడుగంటినప్పుడు గుడి తిరిగి కనిపించింది. అప్పటి నుంచే ఈ పడవ యాత్రకు కొత్త జీవితం మొదలైంది.

ఒక రోజు ప్రయాణం: రెండు షరతులు

నేడు ఈ ప్రయాణం తలపెట్టేవారు ముందుగా తెలుసుకోవలసింది జలాశయం మట్టం. అది రోజూ పత్రికల్లో వస్తుంది. సుమారు 840 అడుగుల దిగువకు చేరితే గాని గుడి పూర్తిగా బయటపడదు. శిఖరం మాత్రమే తేలిన రోజుల్లో పడవలో ప్రదక్షిణ చేసి, శిఖరానికే నమస్కరించి మరలుతారు. గుడి చుట్టూ నీరున్నంత వరకు పడవ కావాలి. నీరు మరీ వెనుదిరిగితే ఇవతలి ఒడ్డువారు బురద దాటి నడిచే వెళ్లవచ్చు. వానకాలంలో వరద రాగానే గుడి మళ్లీ మునుగుతుంది. మునిగే ముందు అర్చకులు చివరి పూజ చేస్తారు. ఆ తర్వాత పూజలు ఎగువన ఒడ్డు మీద ఉన్న ఉమామహేశ్వర ఆలయంలో సాగుతాయి.

ఇదే జలాశయంలో మరో రకం ప్రయాణాలకు షరతు సరిగ్గా తలకిందులు. సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ నడవాలంటే, పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు పడవ సాఫీగా సాగాలంటే జలాశయంలో చాలినంత నీరు ఉండాలి. కనుక నిండు నీటి యాత్ర, తగ్గిన నీటి యాత్ర అనే రెండు ఋతువులు ఏర్పడ్డాయి. తిథి కుదిరినా మట్టం కుదరకపోవచ్చు. శివరాత్రికి గుడి నీటిలోనే ఉన్న ఏడాది భక్తులు ఒడ్డు నుంచే మొక్కవలసి ఉంటుంది.

అడుగుల లెక్క, సీమ సేద్యం

పడవ యాత్రికుడు చూసే ఆ అంకెనే రాయలసీమ రైతూ చూస్తాడు. కాని ఇద్దరి కోరికలూ వేర్వేరు.

1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల్లో రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. సంగమేశ్వరానికి దగ్గరలోని సిద్ధేశ్వరం వద్ద ఆనకట్ట కట్టి కృష్ణ నీటిని పెన్నకు మళ్లించాలన్న కృష్ణా–పెన్నార్ ఆలోచన 1950ల తొలినాళ్లలో నడిచి ఆగిపోయింది. తర్వాత వచ్చిన శ్రీశైలం జలాశయానికి బచావత్ ట్రిబ్యునల్ 33 టి.ఎం.సి.లను ఆవిరి నష్టం కింద మాత్రమే చూపింది. చెన్నై తాగునీటికి 15 టి.ఎం.సి.ల తెలుగుగంగ ఒప్పందంతో పోతిరెడ్డిపాడు తూములు వచ్చాకే ఈ నీరు సీమ వైపు కదలింది.

ఆ తూముల నుంచి చాలినంత నీరు పారాలంటే జలాశయం 854 అడుగుల పైన ఉండాలి. కనీస మట్టాన్ని 1996లో 834 అడుగులుగా, 2004లో 854 అడుగులుగా నిర్ణయిస్తూ ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఈ రెండు అంకెల నడుమనే సంగమేశ్వరం గుడి ఉంది. 854 అడుగుల మట్టాన్ని నిలిపి ఉంచితే గుడి ఎన్నడూ పూర్తిగా తేలదు. 834 వరకు నీటిని వాడితే గుడి తేలుతుంది, తూముల ఎదుట నీరు నిలవదు. విద్యుదుత్పత్తికి దిగువకు వదిలిన నీరు, ఎగువ నుంచి ఆలస్యంగా వచ్చే వరద కలిసి కనీస మట్టం నియమాన్ని పలుమార్లు కాగితానికే పరిమితం చేశాయి. అందుకే ఆలయ దర్శనం దాదాపు ఏటి వేడుక అయింది.

ఈ ప్రాంతంలోనే మరికొన్ని అంకెలు చేరాయి. తక్కువ మట్టం నుంచి కూడా నీరు తోడే ముచ్చుమర్రి ఎత్తిపోతల 2017లో ప్రారంభమైంది. 800 అడుగుల మట్టం నుంచి రోజుకు 3 టి.ఎం.సి.లు ఎత్తాలన్న రాయలసీమ ఎత్తిపోతల పథకానికి 2020లో సంగమేశ్వరాన్నే ఎంచుకున్నారు. అది రెండు తెలుగు రాష్ట్రాల వివాదంలో చిక్కింది. అంతకు ముందు 2016 మే 31న రాయలసీమ ఉద్యమకారులు సిద్ధేశ్వరం వద్ద అలుగు కావాలంటూ ప్రజా శంకుస్థాపన చేశారు. వేసవిలో వెనక్కి పోయే నీటిని సీమ వైపు నిలిపి ఉంచడం ఆ అలుగు ఉద్దేశం. అది నిజమైతే సంగమేశ్వరం గుడి తేలే రోజుల లెక్కా మారుతుంది.

పడవ దారి, సాగునీటి దారి ఈ నేలలో కలిసి నడవడం కొత్త కాదు. సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 306 కి.మీ. సాగే కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863–70 మధ్య తవ్వినప్పుడు అది సేద్యానికీ, పడవల రవాణాకూ ఉద్దేశించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుగోలు చేసింది. కాలక్రమంలో పడవలు పోయి సేద్యం మిగిలింది. సంగమేశ్వరంలో జరిగింది దీనికి విలోమం. నీరు సీమ పొలాలకు అందని రోజుల్లోనే ఇక్కడ పడవకు గిరాకీ.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సంగమేశ్వరం పడవ ప్రయాణం ప్రాచీన రేవు ప్రయాణానికి కొనసాగింపు కాదు. రేవులు మునిగాక పుట్టిన కొత్త ఆచారం. రెండు, దాని కాలనిర్ణయం తిథి నుంచి అడుగులకు, అంటే అర్చకుని నుంచి ఇంజనీరుకు మారింది. మూడు, దేవుని దర్శనానికి అనువైన కాలమే సేద్యానికి కరువు కాలం అయింది. ఇది దైవనిర్ణయం కాదు, నీటి పంపిణీ నిర్ణయాల ఫలితం.

అందువల్ల స్థలపురాణాల మీద, యాత్రాచరిత్రల మీద పరిశోధించేవారు జలాశయపు నీటిమట్టాల పట్టికలను కూడా ఆధార గ్రంథాలుగా చదవవలసి ఉంది. నిర్వాసిత గ్రామాల పెద్దల వద్ద రేవుల పేర్లు, పడవ నడిపిన కుటుంబాల జ్ఞాపకాలు ఇంకా మిగిలి ఉండగానే సేకరించవలసి ఉంది. గుడి ఏటా తేలి కనిపిస్తుంది. రేవుల పేర్లకు ఆ అవకాశం లేదు.