అధివృక్క గ్రంథి కంతులు - సి.టి. స్కాన్ పరీక్ష

వేరొక వ్యాధి కొరకు తీసిన స్కానులో అనుకోకుండా బయటపడిన, కనీసం 1 సెంటీమీటరు పరిమాణం గల అధివృక్క గ్రంథి కంతిని వైద్యులు 'ఇన్సిడెంటలోమా' అంటారు. మూత్రపిండంలో రాయి ఉన్నదేమోనని స్కాను తీయించుకున్న వ్యక్తి, నివేదికలో ఈ మాట చూసి క్యాన్సరని భయపడటం సహజం. కాని ఇటువంటి కంతులలో అధికభాగం ఎడినోమాలనే నిరపాయకరమైన కంతులు. వీటిని ప్రమాదకరమైన కంతుల నుండి వేరుచేయటానికి సి.టి. స్కాన్ ముఖ్యసాధనం.

అధివృక్క గ్రంథులు

ఇవి మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉండే రెండు చిన్న గ్రంథులు. వెలుపలి భాగమైన వల్కలం కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ హార్మోనులను, లోపలి భాగమైన దవ్వ ఎడ్రినలిన్‌ను స్రవిస్తాయి. 50 ఏళ్ళ వయసు వారిలో సుమారు 3 శాతం మందిలో, వృద్ధులలో 10 శాతం వరకు ఇటువంటి కంతులు కనబడతాయి.

హౌన్స్‌ఫీల్డ్ సంఖ్య

కణజాలం ఎక్స్-కిరణాలను ఎంతగా అడ్డుకొంటుందో సి.టి. యంత్రం ఒక సంఖ్యగా చూపుతుంది. 1979లో ఎలన్ కార్మాక్‌తో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన బ్రిటిష్ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేర దీనిని హౌన్స్‌ఫీల్డ్ సంఖ్య అంటారు. నీటికి ఈ సంఖ్య 0, గాలికి -1000, కొవ్వుకు సుమారు -100.

ఎడినోమా కణాలలో సాధారణంగా కొవ్వు పదార్థం ఎక్కువ. అందువలన వాటి సంఖ్య తగ్గుతుంది. కాంట్రాస్టు మందు ఇవ్వకుండా తీసిన స్కానులో కంతి అంతటా ఒకే తీరున ఉండి, సంఖ్య 10 గాని అంతకు తక్కువ గాని అయితే అది నిరపాయకరమైనదే. అటువంటి కంతి ఎంత పెద్దదైనా మరల స్కానులు అవసరం లేదని 2023 నాటి ఐరోపా వైద్య మార్గదర్శకాలు సూచించాయి. అయితే సుమారు 30 శాతం ఎడినోమాలలో కొవ్వు తక్కువ. కనుక సంఖ్య 10 దాటినంత మాత్రాన క్యాన్సరని తలచరాదు.

కాంట్రాస్టుతో పరీక్ష

సంఖ్య 10 దాటినపుడు కొన్నిచోట్ల కాంట్రాస్టు మందు నరంలోకి ఎక్కించి, సుమారు 1 నిమిషానికి, తిరిగి 15 నిమిషాలకు చిత్రాలు తీస్తారు. ఎడినోమాల నుండి మందు త్వరగా తొలగిపోతుంది. ఉదాహరణకు, మందుకు ముందు సంఖ్య 20, నిమిషానికి 100, 15 నిమిషాలకు 40 అనుకొందాం. పెరిగిన 80లో 60 తగ్గినది, అనగా 75 శాతం. ఇది 60 శాతం గాని అంతకు మించి గాని ఉంటే ఎడినోమా కావచ్చును. అయితే ఫియోక్రోమోసైటోమా అనే దవ్వ కంతి కూడా ఒక్కొక్కప్పుడు ఇదే విధంగా కనబడుతుంది. కనుక ఈ పరీక్షపైననే పూర్తిగా ఆధారపడరాదు.

పరిమాణం

సంఖ్య 11 - 20 మధ్య ఉండి, కంతి ఒకే తీరున, 4 సెంటీమీటర్ల లోపు ఉంటే వెంటనే వేరొక చిత్ర పరీక్ష గాని, ఏడాది తరువాత మరొక స్కాను గాని చేస్తారు. 4 సెంటీమీటర్లు మించి, సంఖ్య 20 దాటినా, లోపల ఒకే తీరున లేకున్నా శస్త్రచికిత్సను ఆలోచిస్తారు. పాత స్కాను ఉంటే, కంతి పెరిగినదా లేదా అన్నది పోల్చి చూడవచ్చును. అందుచేత పాత చిత్రాలను భద్రపరచుకోవాలి.

సి.టి. చెప్పలేనిది

కంతి దేనితో నిర్మితమైనదో సి.టి. సూచించగలదు; హార్మోనులను అధికంగా స్రవిస్తున్నదో లేదో చెప్పలేదు. అందుకై రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి, మరునాటి ఉదయం రక్తంలో కార్టిసాల్ కొలుస్తారు. రక్తపోటు గాని, రక్తంలో పొటాషియం లోపం గాని ఉంటే ఆల్డోస్టిరోన్, రెనిన్‌లు పరీక్షిస్తారు. సంఖ్య 10 దాటితే మెటానెఫ్రిన్ పరీక్షతో ఫియోక్రోమోసైటోమా లేదని నిర్ధారించుకోవాలి. ఇది చేయకుండా సూదితో ముక్క తీస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చును. భారతదేశంలో రెండు గ్రంథులూ వాచి కనబడినపుడు క్షయవ్యాధిని కూడా దృష్టిలో ఉంచుకొని, హార్మోనుల లోపం ఉన్నదేమో చూడాలి.