నబ్జ్ తప్పినప్పుడు

మా దాదా ఇంతెఖాల్ అయింది కదిరి నుంచి అనంతపురం పోయే దారిలో, అద్దె జీపులో. ఫజర్ వేళకు ఛాతీలో నొప్పి మొదలైంది. హకీం సాబ్ వచ్చి నబ్జ్ చూసి, "మధ్యమధ్యలో తప్పుతోంది, తొందరగా తీసుకుపోండి" అన్నాడట. ముదిగుబ్బ దాటాక మాట్లాడుతున్న మనిషి మాట్లాడుతూనే తల వాల్చేశాడు.

ఇంట్లో అందరూ "దిల్ కా దౌరా" అన్నారు. కానీ దౌరా పొద్దున్నే వచ్చింది, జాన్ పోయింది రెండు గంటల తర్వాత. ఆ మధ్యలో ఏం జరిగి ఉంటుంది? రక్తనాళం మూసుకుపోతే గుండె కండకు రక్తం అందదు. అలా అలమటించే కండలో కరెంటు దారి తప్పుతుంది. కింది గదులు కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతాయి, రక్తం ముందుకు పోదు. నిమిషాల్లో మౌత్. ఈ ఖతరా మొదటి గంటల్లోనే ఎక్కువ.

హకీం సాబ్ వేళ్లకు తెలిసిన ఇల్మ్ చిన్నది కాదు. ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో నబ్జ్ రకాలకు పేర్లు పెట్టాడు: జింక గంతులాంటిది గజాలీ, పురుగు పాకినట్టుండేది దూదీ, చీమ నడకలాంటిది నమ్లీ. గుండె దవాల మీద వేరే కితాబే రాశాడు. అయితే ఆగిపోయే లయను తిరిగి నిలబెట్టే సాధనం ఆయన కాలంలో ఎవరి చేతిలోనూ లేదు.

అది రావడానికి 1947 దాకా పట్టింది. అమెరికాలో క్లాడ్ బెక్ అనే సర్జన్, ఆపరేషన్ బల్ల మీద గుండె వణుకులో పడిన 14 ఏళ్ల పిల్లాడికి నేరుగా గుండెకే షాక్ ఇచ్చి బతికించాడు. 1956లో పాల్ జోల్ ఛాతీ కోయకుండా పైనుంచే షాక్ ఇచ్చి చూపించాడు. 1961లో డెస్మండ్ జూలియన్ ఒక సాదా మాట చెప్పాడు: దౌరా వచ్చినవాళ్లందరినీ ఒకే వార్డులో ఉంచండి, నబ్జ్‌ను మిషన్‌తో కనిపెట్టండి, షాక్ ఇవ్వడం నర్సులకూ నేర్పండి. ఐసీసీయూ అలా పుట్టింది. నా లెక్కలో ఏ కొత్త దవా కన్నా ఇదే పెద్దది.

దవాల కథ వేరు. దౌరా తర్వాత తప్పుడు దెబ్బలు కొట్టుకునేవాళ్లకు వాటిని అణిచే మాత్రలు ఇస్తే మంచిదే కదా అని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. 1989లో ఒక పెద్ద పరిశోధన తేల్చిందేమంటే, దెబ్బలు తగ్గాయి, చావులు పెరిగాయి! నిలబడినవి బీటా బ్లాకర్లు. నొప్పి లేదు కదా అని ఈ మాత్రలు సొంతంగా మానేసేవాళ్లు మన ఖాందాన్లలో ఎంతమందో.

నెలలు, ఏళ్లు గడిచాక కూడా గుండెపై మిగిలిన మచ్చ చుట్టూ కరెంటు సుడి తిరగొచ్చు. తన ఉస్తాద్ అలాగే పోతే, వార్సాలో పుట్టిన మిషెల్ మిరోవ్‌స్కీ ఆ గమ్‌లోంచే ఒంట్లో అమర్చే షాక్ మిషన్ ఆలోచన చేశాడు. దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో, డీసీ షాక్ మిషన్‌ను తెచ్చిన బెర్నార్డ్ లౌన్ కూడా ఉన్నాడు! 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు.

మన కరువు సీమకు ఇవన్నీ ఆలస్యంగా వచ్చాయి. వేరుశనగ పోయిన ఏడాది గుండె ఇలాజ్‌కు బెంగళూరో, వేలూరో పోయే తాకత్ ఎవరికుంది? 1991 నవంబర్‌లో పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచి, గుండె ఆపరేషన్లు మజహబ్ అడగకుండా, పైసా తీసుకోకుండా చేయడం మొదలుపెట్టింది. 2005లో హైదరాబాద్‌లో 108 మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ తొలి విడత మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. దాదా పోయిన దారిలోనే బత్తలపల్లిలో ఇప్పుడు ఆర్డీటీ వాళ్ల పెద్ద దవాఖానా ఉంది.

దాదా చిన్న కొడుకు, మా చాచా, ఛాతీలో ఆ మిషన్‌తో ఆరేళ్లుగా ఉన్నాడు. దాన్ని చెక్ చేయించుకోవడానికి ఏడాదికి రెండుసార్లు అదే ముదిగుబ్బ మీదుగా బస్సులో పోయొస్తాడు.