తోడుకలం కావలెను: ఒక పిలుపు చరిత్ర

ఒక పాత్ర మీది, ఇంకొకటి నాది. మీ పాత్ర ఒక మాట అంటే నా పాత్ర బదులిస్తుంది. కథ ఎటు పోతుందో ఇద్దరికీ ముందుగా తెలియదు. ఆన్‌లైన్ రోల్‌ప్లే అంటే ఇదే. దీనికి ప్రతిభ కంటే ముందు కావలసింది ఎదుట మరో మనిషి. ఆ మనిషిని పిలిచే నాలుగు వాక్యాలకు కూడా చరిత్ర ఉంది. అది కంప్యూటర్ల కంటే చాలా ముందే మొదలైంది.

1826 జూన్‌లో, యార్క్‌షైర్‌లోని హావర్త్ ఊరి చర్చి పాదరీ ప్యాట్రిక్ బ్రాంటీ లీడ్స్ నుంచి వస్తూ కొడుకు బ్రాన్‌వెల్‌కు 12 చెక్క సైనికులను తెచ్చాడు. బ్రాన్‌వెల్, అతని అక్కచెల్లెళ్లు షార్లెట్, ఎమిలీ, యాన్ తలా ఒక బొమ్మ తీసుకుని పేర్లు పెట్టారు. ఆ ఆటలోంచే గ్లాస్‌టౌన్, ఆ తర్వాత ఆంగ్రియా రాజ్యం పుట్టాయి. చిన్నవాళ్లిద్దరూ, ఎమిలీ, యాన్, విడిపోయి గోండల్ అనే వేరే లోకం కట్టుకున్నారు. 1845లో యార్క్ ప్రయాణంలో తామిద్దరూ దారి పొడవునా గోండల్ పాత్రలుగానే గడిపామని ఎమిలీ తన కాగితాల్లో రాసుకుంది. అప్పటికి వాళ్లిద్దరికీ పాతికేళ్లు వచ్చేశాయి.

షార్లెట్ అనుభవం ఇంకా విలువైనది. ఆమె రో హెడ్ బడిలో టీచరుగా ఉన్నప్పుడు ఆంగ్రియా కథ ఇంటి దగ్గర బ్రాన్‌వెల్ చేతిలో నడిచింది. అతను యుద్ధాలు నడిపించి, ఆమెకు ప్రాణమైన పాత్ర జమోర్నా భార్య, డచెస్ మేరీని చంపేసే దాకా వెళ్లాడు. డచెస్‌ను తమ్ముడు నిజంగానే చంపేశాడా అని షార్లెట్ అక్కడ బడిలో కూర్చుని మథనపడింది. తర్వాత మేరీని మళ్లీ బతికించుకుంది. ఒకరు రోజూ రాయగలరు, మరొకరికి తీరిక లేదు. ఒకరి పాత్రను ఇంకొకరు అడగకుండా కదిలిస్తారు. ఇవాళ తోడు కోసం పెట్టే ప్రతి పోస్టూ ముందుగా తేల్చుకోవాలనుకునే రెండు చిక్కులూ అప్పుడే ఉన్నాయి.

వాళ్లకు తోడు ఇంట్లోనే ఉంది. జంటగా రాసిన మన తిరుపతి వేంకట కవులు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యరికంలో కలిశారు. ఇంట్లోనూ గురువు దగ్గరా తోడు దొరకని వాళ్లు అపరిచితులను పిలవాలి.

ఆ పిలుపు మొదట అచ్చులో వినిపించింది. బాల్టిమోర్‌లో యుద్ధక్రీడలు తయారుచేసే అవలాన్ హిల్ కంపెనీ 1964లో ‘ది జనరల్’ పత్రిక మొదలుపెట్టింది. ప్రత్యర్థులు కావలెనంటూ పాఠకులు ఇచ్చే చిన్న ప్రకటనలకు అందులో ఒక శీర్షిక ఉండేది. పేరు, ఊరు, ఆడే ఆటలు చెప్పాక మిగిలే చోటు చాలా తక్కువ. ఆ కాస్త చోటులోనే కొందరు సేనాపతుల్లా గర్జించేవాళ్లు. అంటే ప్రకటనలోనే పాత్ర మొదలైపోయేది. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్ అక్కడ ప్రకటనలిచ్చినవాడే. అలా కూడిన మిత్రబృందాలతోనే 1968లో తన ఊళ్లో జెన్‌కాన్ సభ జరిపాడు. మరుసటి ఏడు ఆ సభకు వచ్చిన డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాడు. రోల్‌ప్లే అనే మాటను లోకానికి అలవాటు చేసిన ఆట వెనక తోడు వెతుక్కున్న చిన్న ప్రకటనలు ఉన్నాయన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

‘ది జనరల్’ కంటే కాస్త ముందు, 1963లో బ్రూక్లిన్‌లో జాన్ బోర్డ్‌మన్ ‘డిప్లొమసీ’ ఆటను పోస్టు ద్వారా నడపడం ప్రారంభించాడు. ఎత్తులతోపాటు రాజుల పేర, మంత్రుల పేర కల్పిత ప్రకటనలు కూడా వచ్చి పడేవి. కొందరికి గెలుపు కంటే ఆ రాతే ముద్దు.

1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ మొదలుపెట్టిన మడ్, కంప్యూటర్‌లో అక్షరాలతోనే కట్టిన లోకం. 1989లో జేమ్స్ ఆస్ప్‌నెస్ చేసిన టైనీమడ్ ఆ తరహా లోకంలోంచి పోరాటాలను దాదాపు తీసేసి గదులు కట్టుకోవడం, కబుర్లు చెప్పుకోవడం మిగిల్చింది. ఆ ప్రపంచాల్లో తోడు కోసం ప్రత్యేకంగా పిలవాల్సిన పని లేదు. గదిలో మీరున్నారు, పక్కవాడు ‘లుక్’ అని కొడితే మీరు రాసుకున్న మీ పాత్ర వర్ణన కనబడుతుంది. ఆ వర్ణనే పిలుపు. కళ్ల రంగు, జుట్టు పొడవు రాసినవాళ్లు గదికి పదిమంది. చేతికి కట్టుతో, తలుపు వైపే చూస్తూ కూర్చున్న పాత్రను ఎవరో ఒకరు పలకరించకుండా ఉండలేరు. నా లెక్కలో ఈ కళ సారమంతా ఆ తేడాలోనే ఉంది.

ఆ తర్వాత చోట్లు వేగంగా మారాయి. అమెరికా ఆన్‌లైన్‌లో సత్రాల పేర్లతో చాట్ గదులు వచ్చాయి. 1999లో వచ్చిన లైవ్‌జర్నల్‌లో పాత్రల పేరుతోనే డైరీలు వెలిశాయి. 2007లో వచ్చిన టంబ్లర్‌లో ఈ పోస్టును లైక్ చేస్తే మీ పాత్రకు ఒక ఆరంభ సన్నివేశం రాసిస్తాననే పద్ధతి ప్రబలింది. నియమాల పేజీ చదివారని రుజువుగా అందులో దాచిన రహస్యపదాన్ని పంపమని అడిగే ఆచారమూ అక్కడ పాతుకుంది. రెడ్డిట్, డిస్కార్డ్ దాకా వచ్చేసరికి చోటుకు కొరత లేదు. పిలుపులు పేజీలకు పేజీలు పెరిగాయి: ఎన్ని పేరాలు, ఏ పురుషలో, రోజుకెన్ని జవాబులు, ఏవేవి వద్దు. కొన్నింటిని చదువుతుంటే పెళ్లిసంబంధాల ప్రకటనలే గుర్తొస్తాయి. షరతులన్నీ ఉంటాయి, మనిషి కనబడడు.

ఆ షరతులను నేను తక్కువ చేయను. చెప్పకుండా మాయమైన తోడు, వయసు దాచిన తోడు, ఎదుటివాడి పాత్రను సొంతంగా ఆడించిన తోడు, ఇలా ప్రతి నియమం వెనకా ఒక గాయం ఉంటుంది. చోట్లు మూతపడినప్పుడు తగిలిన దెబ్బలు వేరు. 2018 డిసెంబరులో టంబ్లర్ పెద్దల విషయాలను నిషేధించాక చాలామంది చెల్లాచెదురయ్యారు. 2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ పూర్తిగా పోయింది. ఏళ్ల తరబడి కలిసి రాసిన మనిషిని మారుపేరుతో తప్ప ఎరగని వాళ్లు, ఫలానా కథలో ఫలానా పాత్ర రాసినవారు ఇది చదివితే పలకండి అని ఇప్పటికీ పిలుస్తుంటారు. 2019లో ఏఐ డంజన్, 2022లో క్యారెక్టర్ ఏఐ వచ్చాక పిలుపుల్లో ఇంకో వాక్యం చేరింది: యంత్రం రాసిన జవాబులు వద్దు.

షరతులు ఉండాలి, కానీ కథ తర్వాత. తెలుగువాళ్లకు పాత్రలో ఒదిగి ఆశువుగా పలకడం కొత్త కాదు. భువనవిజయం రూపకాల్లో పండితులు పెద్దనగా, రామకృష్ణుడిగా కూర్చుని పద్యాలు చెబుతారు. అమెరికా తెలుగు సభల్లోనూ ఆ వేదిక ఉంది. అక్కడ పాత్రలను నిర్వాహకులు పంచుతారు. ఎవరూ పంచని చోట తెలుగులో నేను పిలవాల్సివస్తే ఇలా రాస్తాను:

“1931. గోదావరి మీద రాత్రి లాంచీ నడిమధ్యలో ఆగిపోయింది. అందులో ఒక కోర్టు అమీనా, పేరు మార్చుకుని వెళ్లిపోతున్న ఒక నాటకాల నటి. అతని సంచిలో ఆమె అసలు పేరు మీద సమన్లు ఉన్నాయి. ఆమె ఈమేనని అతనికింకా తెలియదు. అమీనాను నేను రాస్తాను. నటి మీది, ఆమె ఏం చేసి వచ్చిందో మీరే నిర్ణయించాలి. వారానికి రెండు జవాబులు, ఒక్కోటి రెండు మూడు పేరాలు. మానేయాలనిపిస్తే ఒక్క మాట చెప్పండి, చాలు. 18 నిండినవారే రాయండి.”

లాంచీ ఎందుకు ఆగిందో కావాలనే చెప్పలేదు. ఆ కారణం ఎదుటివాళ్ల చేతిలో ఉండాలి. ‘ఆసక్తి ఉంది’ అని రాసి ఊరుకునేవాళ్లకు ఇక్కడ పని లేదు. నచ్చినవాళ్లు నటి చేత మొదటి మాట అనిపించే పంపుతారు.