వడ్రంగి ఇంటి నుంచి అరగుండు దాకా

సినిమాల్లో తెలుగు మాస్టారంటే నవ్వించడానికి పెట్టే వేషమే ఎక్కువ. బ్రహ్మానందం గారు మాత్రం ముందు నిజంగానే తెలుగు మాస్టారు, ఆ తర్వాతే హాస్యనటుడు. మన బడిలో చదువుకుని, తెలుగు పండితుడిగా రిటైరైన నాకు ఆయన తొలినాళ్ల కథంటే అందుకే ప్రత్యేకమైన అభిమానం.

ఆయన 1956 ఫిబ్రవరి 1న అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి దగ్గరి చాగంటివారిపాలెంలో పుట్టారు. తండ్రి వడ్రంగి. ఇంటినిండా పిల్లలు, అంతంతమాత్రపు రాబడి. అలాంటి ఇంటి పిల్లవాడు బడి మానేసి ఉలి పట్టుకుంటే ఆ రోజుల్లో ఎవరూ వింతగా చూసేవారు కాదు. కానీ చదివించేవాళ్లు దొరికారు. భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీ చదువు, ఆ పైన తెలుగు ఎం.ఏ. అయినవాళ్లు కానివారి ఆదరణతోనే పూర్తయ్యాయి.

తర్వాత పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు లెక్చరర్ అయ్యారు. పాఠం చెబుతూనే మిమిక్రీ చేసేవారు. నలభై మంది పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టాలంటే గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగాలో తెలియాలి. పాఠం చెప్పినవాళ్లందరికీ ఇది అనుభవమే. నటుడికి కావలసిందీ అదే.

1987లో జంధ్యాల గారి దర్శకత్వంలో, రామానాయుడు గారు నిర్మించిన 'అహ నా పెళ్ళంట' వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు గారు పరమ పిసినారి. ఆయన దగ్గర నలిగిపోయే పనివాడు అరగుండు. పైకి అనలేని కోపాన్ని లోలోపల గొణుక్కునే వేషం. జంధ్యాల హాస్యమంతా మాటల్లోనే ఉంటుంది. ఒక్క అక్షరం నలిగినా నవ్వు రాదు. ఆ మాట పలకడానికి తెలుగు మాస్టారి నాలుకే సరిపోయింది. ఆ వేషంతో ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. ఆ తర్వాత వందల సినిమాలు, గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ.

మనందరం ఇన్నేళ్లు నవ్విన నవ్వు వెనక ఒక పేద పిల్లవాడి ఫీజుకి, భోజనానికి ఆసరా అయిన చేతులున్నాయి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం చేయదగ్గ పని నాకు ఇందులోనే కనిపిస్తోంది. డబ్బు లేక పదో తరగతితో ఆగిపోయే పిల్లలు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఏటా ఒక్కరినైనా పై చదువుకి పంపుదాం. వాళ్లలో ఎవరు ఏమవుతారో ఎవరు చెప్పగలరు?